మూడు స్వరముల పొత్తు

పొరుగు సీమలలో తరతరములుగా నెలకొనిన మన తెలుగు కుటుంబములలో సంగీతమునకు రెండు గుర్తులు నేటికిని కానవచ్చును. ఒకటి పూజగది గోడకు చేరవేసిన తంబుర. రెండవది పద్యనాటకముల కాలమున ఇల్లు చేరిన హార్మోనియము పెట్టె. తంజావూరులోనైనను, బళ్ళారిలోనైనను, బరంపురమునందైనను, యానాములోనైనను ఈ రెండును ఒకే కప్పు క్రింద కాపురము చేయుచున్నవి. ఆ కాపురమున సామరస్యము మాత్రము కొరవడినది. తంబుర మీటుచుండగా హార్మోనియముపై గాంధారమును మ్రోగించినచో చెవికి ఏదియో సోకును. ఆ సోకినది ఏమి, దానిని పోగొట్టుటకు నాలుగువందల యేండ్లకు పైగా ఏయే దేశములలో ఎవరెవరు ఎట్లు పాటుపడిరి, అందు మన నేల పాలు ఎంత అను విషయమును ఈ వ్యాసమున ముచ్చటింపదలచితిమి. గణితము కొంత తప్పదు గాని, కూడికలు, గుణకారములు వచ్చిన వారెల్లరును దీనిని అనుసరింపవచ్చును.

ఒక ఉగాది ఉత్సవమునకు ముందు మా సంఘ మందిరమున జరిగిన చిన్న సంగతితో ఆరంభింతము. వీణ నేర్పు వృద్ధురాలొకరు తంబుర శ్రుతి చేసికొని దాని షడ్జమును హార్మోనియపు షడ్జముతో కలిపిరి. పిమ్మట అంతర గాంధారమును పాడి నిలిపిరి. గదిలోని గాలి సైతము కదలనట్లు తోచినది. అంతట ప్రక్కనున్న నాటక సమాజపు హార్మోనిస్టు అదే గాంధారపు మెట్టును నొక్కెను. “నాయనా, నీ పెట్టె వణుకుతున్నదేమిటి?” అని ఆమె అడిగిరి. “పిన్నిగారూ, ఇది పుట్టినప్పటినుంచీ ఇంతే” అని ఆయన నవ్వెను. ఆమె చెవి చెప్పినదియు నిజమే; ఆయన పలికినదియు నిజమే. పంచమపు మెట్టు నొక్కినప్పుడు ఆ వణకు దాదాపు లేదు. గాంధారమునకే ఏల వచ్చినది?

తంతి గాని రీడు గాని మ్రోగినప్పుడు పుట్టునది ఒక్క ధ్వని కాదు. సెకనునకు 240 స్పందనములు గల షడ్జమును తీసికొందము. దానితోపాటు 480, 720, 960, 1200 స్పందనముల ధ్వనులు సన్నగా పుట్టుచుండును. వీనిని అనుస్వరములు అందురు. స్వచ్ఛమైన అంతర గాంధారము 300, పంచమము 360. గాంధారపు నాలుగవ అనుస్వరము 1200. అది షడ్జపు ఐదవ అనుస్వరముతో సరిగా కలిసిపోవును. పంచమపు రెండవ అనుస్వరము 720. అది షడ్జపు మూడవ దానితో కలియును. ఈ మూడింటి నిష్పత్తి 4:5:6. మంచి తంబురలో ఈ గాంధారము ఎవరును మీటకయే వినవచ్చును. వంపు గల గుర్రము మీద తంతి ఒరయుటచే అనుస్వరములు ఎట్లు బలముగా పుట్టునో చంద్రశేఖర వేంకటరామన్ గారు 1921లో వీణ, తంబురలను గూర్చి ప్రకటించిన పరిశోధనలో వివరించిరి.

హార్మోనియమున స్థాయిని పండ్రెండు సమాన భాగములు చేసినారు. ఆ లెక్కచొప్పున గాంధారము 300 కాక 302.4 అగును. దాని నాలుగవ అనుస్వరము 1209.5. షడ్జపు 1200తో అది కలియబోయి కలియలేక సెకనునకు తొమ్మిదిన్నర మారులు పొంగి కుంగుచుండును. భౌతికశాస్త్రజ్ఞులు విస్పందనము లనునవి ఇవియే; వృద్ధురాలు వినిన వణకు ఇదియే. పంచమము 359.6, అందుచే సెకనునకు ఒక విస్పందనమైనను నిండదు. స్వరముల పొత్తును, పొసగమిని ఈ విస్పందనములతో వివరించినది జర్మను పండితుడు హెల్మ్‌హోల్ట్స్. ఆయన గ్రంథము 1863లో వెలువడినది. దానిని ఆంగ్లీకరించిన ఎల్లిస్ స్వరాంతరములను కొలుచుటకు స్థాయిని 1200 భాగములు చేసి ఒక్కొక్కదానికి సెంటు అని పేరిడెను. ఆ కొలతలో స్వచ్ఛ పంచమము 702, స్వచ్ఛ గాంధారము 386. హార్మోనియమున అవి 700, 400. రెండు సెంట్ల తేడాను చెవి క్షమించును, పదునాలుగింటిని క్షమింపదు.

అట్లయిన ఈ పండ్రెండు సమభాగములు ఏల వచ్చినవి? స్వచ్ఛ గాంధారములను మెట్లుమెట్లుగా పేర్చి చూతము. 240పై 300, దానిపై 375, దానిపై 468.75. మూడు మెట్లెక్కినచో పై షడ్జము 480 చేరవలెను, చేరలేదు. స్వచ్ఛ పంచమములను పండ్రెండు మారులు పేర్చినచో దాటిపోవును. ప్రకృతిలో ఈ లెక్కలు ఒకదానితో ఒకటి మూయబడవు. ఒక్క షడ్జమును పట్టుకొని పాడువానికి ఈ చిక్కు లేదు. షడ్జమును మార్చదలచిన వానికిని, వాద్యముపై మెట్లను బిగింపదలచిన వానికిని చిక్కు వచ్చి పడును.

మన వీణ ఈ చిక్కులోనే పుట్టి పెరిగినది. విజయనగరమున రామరాయల ఆశ్రయమున రామామాత్యుడు స్వరమేళకళానిధిని 1550లో రచించి, వీణపై మెట్లను అమర్చు విధమును అందు చర్చించెను. తంజావూరు నాయక ప్రభువుల కొలువున రఘునాథుని పేరిట మేళవీణ వెలసినది. అచ్చటనే వేంకటమఖి విజయరాఘవ నాయకుని కాలమున చతుర్దండీ ప్రకాశికను రచించి డెబ్బదిరెండు మేళములను నిర్మించెను. తెలుగు ఏలుబడిలో తమిళదేశమున జరిగిన ఈ కృషిని మన పిల్లలకు మనము తగినంతగా చెప్పుకొనుట లేదని మా బాధ. మెట్టు అనునది నాలుగు తంతుల క్రిందను అడ్డముగా సాగు కడ్డీ. షడ్జ తంతిపై 240 నుండి 270కి ఎక్కించి రిషభము పలికించు మెట్టు, 180 గల పంచమ తంతిపై 202.5 పలికించును. మంద్ర మధ్యమము 160పై స్వచ్ఛ గాంధారమంత దూరమున ఉండవలసిన ధైవతము మాత్రము 200. ఒకే కడ్డీ రెండు మాటలు పలుకజాలదు. కావున మేళము కట్టు పనివాడు మైనము ఆరకముందే కడ్డీని ఒక వెంట్రుకవాసి అటునిటు జరిపి, అన్ని తంతులకును ఓర్చుకొనదగిన చోట నిలుపును. అతడు చేయునది సమభాగము కాదు, శుద్ధ నిష్పత్తియు కాదు. చెవితో కుదిర్చిన రాజీ అది. మిగిలిన లోపమును వాయించువాని వ్రేలు తంతిని లాగి సవరించుకొనును. హార్మోనియమునకు ఆ వ్రేలు లేదు.

పండ్రెండు సమభాగముల గణితమును చీనాదేశమున జు జాయియు అను రాజవంశీయుడు 1584లో సాధించెను. కొలది కాలమునకే డచ్చి దేశమున స్టెవిన్ ఆ లెక్కనే వేసెను. పాశ్చాత్యులకు ఈ విభాగము మనకంటె ఎక్కువ బాధాకరము. వారి సంగీతమున మూడు స్వరములను ఒక్కసారి మ్రోగించు త్రిస్వర మేళనమే పునాదిరాయి. ఆ రాయి వణకినచో కట్టడమంతయు వణకును. అందుచే స్థాయిని మరిన్ని సమభాగములు చేసి చూడవలెనను తలపు వారికి కలిగినది. రామామాత్యుని గ్రంథము వెలసిన ఐదేండ్లకు, అనగా 1555లో, ఇటలీ దేశస్థుడు విచెంతీనో తన సిద్ధాంత గ్రంథమును రోమునగరమున ప్రకటించెను. స్థాయికి ముప్పదికి పైగా మెట్లు గల తంత్రీవాద్యమును ఆయన చేయించెను. 1691లో హాలెండు శాస్త్రజ్ఞుడు హైగెన్స్ స్థాయిని 31 సమభాగములు చేయుటలోని సొగసును లెక్కకట్టి చూపెను. అందు పది భాగములు గాంధారము, పదునెనిమిది పంచమము. గాంధారము 387 సెంట్లు, కావలసినదానికి ఒక్క సెంటు లోపుగా ఎక్కువ. మన 240 షడ్జముతో మ్రోగించిన రెండు సెకనులకు ఒక విస్పందనము మాత్రమే. పంచమము ఐదు సెంట్లు తగ్గి సెకనునకు రెండు విస్పందనములు తెచ్చును. అనగా పండ్రెండింట గాంధారము చేసిన అపరాధమును ముప్పదియొకటింట పంచమము కొంత పంచుకొన్నది.

ఇంకను సూక్ష్మముగా పోదలచిన వారు 53 భాగములకు పోయిరి. మెర్కేటరు లెక్కను హోల్డరు 1694లో ప్రకటించెను. అందు 17 భాగములు గాంధారము, 31 భాగములు పంచమము. పంచమమున విస్పందనము ముప్పదియైదు సెకనులకు ఒక్కటి. ఊపిరి అంతకాలము నిలుపు గాయకుడు అరుదు. గాంధారమునకు సెకనునకు ఒక్కటి. 1870ల దశకమున ఆంగ్ల పండితుడు బోజాంకెట్ ఈ లెక్కకు హార్మోనియమునే నిర్మించెను. అది లండను సైన్సు మ్యూజియమున నేటికిని కలదు. దానిపై వ్రేళ్ళు నడపుట ఎట్టి పనియో చదువరులు ఊహించుకొనవచ్చును.

ఈ బోజాంకెట్ మన కథలోనికి మరియొక ద్వారమున ప్రవేశించుచున్నాడు. 1877లో ఆయన లండను రాయల్ సొసైటీ పత్రికలో హిందువుల స్థాయీ విభాగమును గూర్చి వ్యాసము ప్రకటించెను. మన శాస్త్రములలోని ఇరువదిరెండు శ్రుతులను సమభాగములుగా తీసికొన్నచో ఏమగును అని ఆయన విచారించెను. భరతుని లెక్కలో షడ్జమునుండి పంచమము పదుమూడు శ్రుతుల దూరము, మధ్యమము తొమ్మిది. తొమ్మిది గాని పదుమూడు గాని దూరమున్న స్వరములే సంవాదులు. గాంధారము మధ్యమమునుండి రెండు శ్రుతులను గ్రహించి అంతర గాంధారమైనప్పుడు అది షడ్జమునకు ఏడు శ్రుతులు, పంచమమునకు ఆరు శ్రుతులు ఎడమగును. ఏడును ఆరును కలిసి పదుమూడు. ఇరువదిరెండు సమభాగములలో ఏడు భాగములు 382 సెంట్లు! కావలసిన 386కు నాలుగున్నర మాత్రమే తక్కువ. హార్మోనియపు గాంధారము కంటె ఇది మూడింతలు మేలు. ఇంతవరకు చూచినవారు, మన పూర్వులు సమభాగ శ్రుతిని ఎన్నడో కనుగొనిరని చంకలు కొట్టుకొనుట కలదు. సభలలో అట్టి ఉపన్యాసములను మేమును వింటిమి.

పంచమమును కూడ చూడవలెను గదా. పదుమూడు సమభాగములు 709 సెంట్లు. స్వచ్ఛ పంచమమునకు ఏడు ఎక్కువ. 240 షడ్జముతో సెకనునకు మూడు విస్పందనములు. తంబుర శ్రుతి చేయు బాలుడైనను ఈ పంచమమును ఒప్పుకొనడు. బిరడ త్రిప్పి దింపును. భరతుడు ధ్రువవీణ, చలవీణ అను రెండు వీణలను సమముగా శ్రుతి చేసి, రెండవదానిని క్రమక్రమముగా దింపి శ్రుతులను ఎంచుమనెను. ఆ ప్రయోగమున కొలమానము చెవి; చెవికి ఆధారము సంవాదము. సంవాదమును చెరుపు సమభాగమును ఆ చెవి ఎట్లు ఒప్పును? దేవగిరి యాదవుల కొలువున పదుమూడవ శతాబ్దమున సంగీత రత్నాకరమును రచించిన శార్ఙ్గదేవుడు ఇరువదిరెండు తంతులను ఒకదానికంటె ఒకటి హెచ్చుగా, నడుమ మరియొక ధ్వని వినబడకుండునట్లు అమర్చుమనెను. అదియు చెవి మాటయే. కావున ఇరువదిరెండు అనునది ఎన్నికయే గాని కొలత కాదని మా తీర్మానము. బోజాంకెట్ సైతము ఈ విభాగమున గాంధారము మేలు, పంచమము కీడు అను సంగతిని గుర్తించెను. విచిత్రమేమనగా, మన వారు విడిచిన ఈ ఇరువదిరెండు సమభాగములను ఇటీవల పాశ్చాత్యులు కొందరు చేపట్టిరి. అమెరికాలో పాల్ ఎర్లిష్ 1998లో ఈ విభాగముపై విపులమైన వ్యాసము వెలువరించెను. నేడు దీనియందు కూర్చిన కొత్త రచనలు కలవు.

ఈ తగవు మన దేశమున బహిరంగ సభకు ఎక్కినది 1916లో. బరోడాలో గాయక్వాడు మహారాజుగారి ఆదరమున భాత్‌ఖండే పండితుడు అఖిల భారత సంగీత పరిషత్తును నడిపిరి. మహారాష్ట్రమునకు చెందిన కృష్ణాజీ బల్లాళ దేవల్ గారు 1910లోనే ఇరువదిరెండు శ్రుతులకు అసమములైన శుద్ధ నిష్పత్తులను నిర్ణయించి గ్రంథము ప్రకటించియుండిరి. క్లెమెంట్సు అను ఆంగ్లాధికారి ఆయనకు తోడయ్యెను. ఆ నిష్పత్తులతో లండనులో చేయించిన శ్రుతి హార్మోనియమును వారు పరిషత్తునకు తెచ్చిరి. ఎదుట నిలిచినవారు తంజావూరు అబ్రహాం పండితర్. వృత్తిచే సిద్ధవైద్యులు, 1912 నుండి తంజావూరులో సంగీత సభలు జరిపించిన వితరణశీలి. శ్రుతులు ఇరువదినాలుగనియు, అవి సమభాగములనియు ప్రాచీన తమిళ గ్రంథముల ఆధారమున వారు వాదించిరి. వారి కుమార్తెలు ఆ స్వరములను సభలో ప్రదర్శించిరి. తీర్పు తేలలేదు. మరుసటి యేడు, 1917లో, పండితర్ గారు కరుణామృత సాగరమను బృహద్గ్రంథమును వెలువరించి తమ లెక్కలన్నింటిని అందు పొందుపరచిరి. రెండేండ్లకే, 1919లో, కీర్తిశేషులైరి.

పండితర్ గారి శ్రమకు మేము చేతులు జోడింతుము. కాని వారి విభాగమును మన మూడు స్వరముల గీటురాతిపై గీసి చూడక తప్పదు. ఇరువదినాలుగు సమభాగములలో పదునాలుగు పంచమము: 700. గాంధారమునకు ఎనిమిది భాగములు: 400. ఏడు తీసికొన్నచో 350. కావలసిన 386కు దగ్గరిది 400యే. అనగా మెట్లు రెట్టింపైనను త్రిస్వర మేళనమునకు ఒక్క సెంటు లాభము లేదు. హార్మోనియపు వణకు యథాతథముగా నిలిచినది. పండ్రెండింటి కంటె పందొమ్మిది మేలు. అందు గాంధారము 379, పంచమము 695. రెండును ఏడేసి సెంట్లు తక్కువ. ఇరువదినాలుగు మాత్రము పండ్రెండే. సంఖ్య పెరిగినంత మాత్రమున పొత్తు పెరుగదను ఈ సంగతి మొదట మాకును నమ్మశక్యము కాలేదు. రెండు మారులు లెక్క వేసికొంటిమి. అయితే పండితర్ గారికి త్రిస్వర మేళనముతో పనిలేదు. వారు కోరినది రాగముల చలనమునకు చక్కని చట్రము. వారిని ఈ ఒక్క గీటురాతితో తీర్పు చెప్పుట అన్యాయమగును.

ఇచ్చట మరియొక ముచ్చట. రెండేసి స్వరముల పొత్తును కూడిన మూడింటి పొత్తు వచ్చునా? ప్లోంప్, లెవెల్ట్ అను డచ్చి శాస్త్రజ్ఞులు 1965లో రెండు ధ్వనుల గరుకుదనమును ప్రయోగములతో కొలిచిరి. ఆ కొలతలను జంటజంటలుగా కూడి మూడింటికి లెక్కకట్టుట వాడుక. కాని షడ్జము, అంతర గాంధారము, శుద్ధ ధైవతము అను మూడింటిని హార్మోనియముపై కలిపి నొక్కి చూడుడు. జంటలుగా ప్రతియొక్కటియు ఓర్చుకొనదగినదే. మూడును కూడినచో ఎటు పోవునో తెలియని అలజడి కలుగును. 400, 400, పై షడ్జమునకు మరల 400. జపానులో నార్మన్ కుక్, ఫుజిసావా అనువారు 2006లో దీనికొక సమాధానము చెప్పిరి. నడిమి స్వరము రెండు అంచులకును సరిసమాన దూరమున నిలిచినచో చెవి అది ఎటు మొగ్గునో నిర్ణయింపజాలక బిగువు పొందును. 386, 316వలె దూరములు అసమములైనచో ఆ బిగువు సడలును. ఈ మాట నిజమైనచో, ఇరువదినాలుగు సమభాగములలో షడ్జ పంచమముల నడుమ కొత్తగా లభించు 350 సెంట్ల స్వరము సరిగా నట్టనడుమ నిలుచును. 350, 350. పొత్తునకై వెదకువానికి ఆ కొత్త మెట్టు బిగువునే ఇచ్చును.

హార్మోనియము మీద పడిన రాజశిక్షను కూడ చెప్పవలెను. 1938లో ఆకాశవాణి పాశ్చాత్య సంగీత శాఖాధిపతి జాన్ ఫౌల్డ్స్ హార్మోనియమును నిరసించి వ్యాసము వ్రాసెను. తన రచనలలో పావు స్వరములను వాడిన వాగ్గేయకారుడాయన. పండ్రెండు మెట్ల ఇరుకు ఆయనకు తెలిసినంతగా మరెవరికి తెలియును? 1940 మార్చిలో ఆ వాద్యమును ఆకాశవాణినుండి బహిష్కరించిరి. 1971లో గాని ఆ నిషేధము సడలలేదు. ముప్పది యేండ్లు మన నాటక పద్యమునకు ప్రాణమైన పెట్టె రేడియోలో మూగవోయినది. బళ్ళారినుండి బరంపురము దాక ఊరూర నాటక సమాజములు దానినే నమ్ముకొని, రాత్రి తెల్లవార్లు రాగాలాపనలకు శ్రుతి నిలుపుకొన్నవి. ఫౌల్డ్స్ చెప్పిన దోషము సత్యమే. గాంధారమున పదునాలుగు సెంట్లు, గమకమునకు గొంతు లేకుండుట, రెండును నిజము. కాని తీర్పు చెప్పినవారు మైదానమున వేయిమంది కూర్చుండగా గొంతెత్తి పద్యము పాడు నటుని కష్టమును ఎరుగరు. తంబుర ధ్వని మూడవ వరుస దాటదు.

హాలెండులో ఫోకర్ అను భౌతికశాస్త్రజ్ఞుడు హైగెన్స్ లెక్కను పట్టుకొని 31 భాగముల ఆర్గను వాద్యమును నిర్మింపజేసి 1950లో హార్లెమ్ నగరపు టైలర్స్ మ్యూజియమున నిలిపెను. 2009 నుండి అది ఆమ్‌స్టర్‌డామ్ నగరమున కచేరీలలో మ్రోగుచున్నది. స్వచ్ఛ గాంధారముతో సమభాగ మేళనము ఎట్లుండునో వినదలచిన మన యువకులు అచ్చటికి పోయినప్పుడు తప్పక వినవలెను.

మా సంఘపు పెట్టె సంగతి ముగించెదము. వృద్ధురాలి మాట పట్టుకొని, హార్మోనియములు బాగుచేయు పనివానిని పిలిపించితిమి. రీడు మొదట గీకినచో స్వరము దిగును, కొన గీకినచో ఎక్కును. ఆయన గాంధారపు రీడును మొదట గీకి 302.4 నుండి 300కు దించెను. ఆమె పాడగా పెట్టె వణకలేదు. అందరము చప్పట్లు కొట్టితిమి. వారమునకు నాటకపు అభ్యాసమున కృష్ణ వేషధారి ధైవతపు మెట్టును షడ్జముగా ఎన్నుకొనెను. ఆ షడ్జమునకు మేము దింపిన మెట్టే పంచమము. 302.7 ఉండవలసిన చోట 300. సెకనునకు ఐదు వణకులు. పద్యము నడుమ ఆయన ఆగి హార్మోనిస్టు వైపు చూచెను. మరునాడు పనివాడు మరల వచ్చి అదే రీడును కొన గీకి, ఉన్నచోటికి ఎక్కించి, రెండు మారులకును కూలి తీసికొని పోయెను.